నానబెట్టిన స్లిప్పు

పెంచలకృష్ణను మీరు చూసే ఉంటారు. కృష్ణపట్నం రోడ్డు మీద బూడిద టిప్పర్లు వరసగా వస్తుంటే ముక్కు మూసుకుని, లోలోపల నాలుగు తిట్లు తిట్టుకుని పక్కకు తప్పుకుంటారు కదా, ఆ టిప్పర్లలో ఒకదాని స్టీరింగు వెనక కూర్చున్న మనిషి అతనే. వయసు నలభై నాలుగు. జుట్టు వయసుతో నెరిసిందో బూడిద పడి తెల్లబడిందో తలంటుకున్న రోజు తప్ప తెలియదు. పుట్టింది కొడవలూరు దగ్గర పల్లెలో. తండ్రికి ఎకరన్నర మాగాణి, ముగ్గురు కొడుకులు. పంచుకుంటే తలా అరెకరం వచ్చింది. అరెకరంలో వరి వేసి పెళ్ళాం బిడ్డల్ని సాకడం అయ్యే పని కాదని తన వాటా పెద్దన్నకు వదిలేసి, పద్దెనిమిదో ఏట క్లీనరుగా లారీ ఎక్కాడు. ఎక్కినవాడు ఇంతవరకూ దిగలేదు.

ముత్తుకూరులో రెండు గదుల అద్దె ఇల్లు, రేవతి అనే భార్య, తొమ్మిదో తరగతి చదివే వెన్నెల అనే కూతురు. తాగడు. పేకాడడు. పద్నాలుగేళ్ళుగా కరెంటు ప్లాంటు నుంచి బూడిద నింపుకుని, నలభై కిలోమీటర్ల అవతల ఇటుకల ఫ్యాక్టరీలో దించి, ఖాళీ బండితో తిరిగి వస్తాడు. రోజుకు మూడు ట్రిప్పులు. ఇన్నేళ్ళలో ఒక కోడిపిల్లను కూడా తొక్కలేదని పోయిన ఏడాది మార్చి దాకా చెప్పుకునేవాడు. ఇప్పుడు చెప్పుకోడు.

ఈ బూడిద బండ్లకు ఒక రూలు ఉంది. కొన్నేళ్ళ కిందట దారిలో ఊళ్ళవాళ్ళు రోడ్డుకు అడ్డంగా కూర్చుని, ఈ బండ్ల జోరు తగ్గిస్తేనే లేస్తామన్నారు. అప్పుడు ట్రాన్స్‌పోర్టు కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజరు నరేంద్రబాబు ఒక ఏర్పాటు చేశాడు. బండి సగటు వేగం గంటకు నలభై కిలోమీటర్లు దాటకూడదు. ప్లాంటు గేటు దగ్గర బయలుదేరిన టైము స్లిప్పు మీద కొడతారు, ఫ్యాక్టరీ గేటు దగ్గర చేరిన టైము కొడతారు. నలభై కిలోమీటర్లకు గంట పట్టాలి. గంటకు ఒక్క నిమిషం ముందు చేరినా ఆ డ్రైవర్ని వారం రోజులు బండి నుంచి దించేస్తారు.

రూలు పెట్టినవాడు ఒక తెలివైనవాడైతే, దాన్ని మోసేవాళ్ళు నూరుమంది తెలివైనవాళ్ళు. నెల తిరక్కుండానే డ్రైవర్లు దీనికి మార్గం కనిపెట్టారు. గేటు దగ్గర ముందు స్లిప్పు మీద టైము కొట్టించుకుంటారు. ఆ తరవాత గేటు బయట బండి పక్కకు ఆపి, నింపాదిగా పట్ట కప్పి తాళ్ళు బిగించి, ఆదిశేషమ్మ అంగట్లో కూర్చుని దోసెలు తిని, టీ తాగి, లోకంలోని సంగతులన్నీ మాట్లాడుకుంటారు. అట్లా ఇరవై నిమిషాలు. మిగిలిన నలభై నిమిషాల్లో నలభై కిలోమీటర్లూ కొట్టేస్తారు. ఫ్యాక్టరీ ముందు పది కిలోమీటర్లు గుంతల రోడ్డు, అక్కడ పోయే టైము కూడా ముందే లాగాలి. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు స్లిప్పు నానబెట్టడం. "నానబెట్టినావా?" అని ఒకర్నొకరు పలకరించుకుంటారు, బియ్యం నానబెట్టావా అని ఆడవాళ్ళు అడిగినంత మామూలుగా.

జోరు తగ్గించమని పెట్టిన రూలు, జోరుగా పోవడానికి వీళ్ళకు దొరికిన అనుమతి అయి కూర్చుంది. నరేంద్రబాబుకు ఈ సంగతి తెలియదా అంటే, ఆయన కారు రోజూ ఆదిశేషమ్మ అంగడి ముందు నుంచే పోతుంది. ఆపి ఒక టీ కూడా తాగిపోతాడు. స్లిప్పు సరిగ్గా ఉంటే ఆయనకు చాలు. బండికి బిగించిన ట్రాకర్లు ఎప్పుడో పాడయ్యాయి. బాగు చేయించమని డ్రైవర్లూ అడగలేదు, ఆయనా చేయించలేదు.

ఆ రోజు గురువారం. పెంచలకృష్ణ స్లిప్పు మీద పొద్దున ఆరూ పది కొట్టారు. ఆదిశేషమ్మ కారం దోసెలు పోస్తోంది. రెండు తిని, టీ తాగి, ఆరున్నరకు బండి ఎక్కాడు. హైవే వదిలి ఊళ్ళ మధ్య రోడ్డుకు తిరిగాక కూడా కాలు ఎత్తలేదు. రోజూ ఎత్తడు కాబట్టి ఆ రోజూ ఎత్తలేదు, అంతే. ఆ రోడ్డు మీద ఒక కల్వర్టు ఉంది. అది దాటి వంద మీటర్లు పోతే ఎడమ పక్క నుంచి ఒక అడ్డరోడ్డు వచ్చి కలుస్తుంది.

అడ్డరోడ్డు చివరికి హుస్సేన్ సాహెబ్ టీవీఎస్ బండి మీద వచ్చాడు. పరుపులు కుట్టే మనిషి. వెనక దూది మూట, ముందు కుట్టిన పరుపు చుట్ట. అతను రోడ్డు దగ్గరికి వచ్చి ఆగాడు. కాలు కింద పెట్టాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. కల్వర్టు దగ్గరున్న టిప్పర్ని కూడా చూశాడు. అది వచ్చేలోపు దాటుకోవచ్చులే అనుకున్నట్టున్నాడు, కాలెత్తి బండిని కదిలించాడు. ఇదంతా పెంచలకృష్ణ పైనుంచి స్పష్టంగా చూశాడు. కాలు కింద పెట్టడం చూశాడు. మెడ తిప్పడం చూశాడు. బ్రేకు తొక్కాడు. పదహారు చక్రాల బండి, నిండా బూడిద, అది ఆగాల్సిన చోట ఆగలేదు.

తరవాత సంగతుల్లో అతనికి గుర్తున్నది దూది. రోడ్డంతా దూది. జనం పరుగెత్తుకుంటూ వస్తుంటే వాళ్ళ కాళ్ళకు అంటుకుంటోంది. ఎవరో ఒకతను చెంప మీద కొట్టాడు. నొప్పి తెలియలేదు. ఆ దెబ్బ దగ్గరే ఎక్కడో అతని ఒంట్లో ఒక తీగ తెగిపోయినట్టుంది, మళ్ళీ కలవలేదు.

పోలీసు స్టేషను దగ్గరికి నరేంద్రబాబు గంటలో వచ్చాడు. రావడంతోనే స్లిప్పు అడిగాడు. సెల్లు తీసి లెక్క కట్టాడు. "గేటు కాడ్నుంచి ఆడికి ముప్పై కిలోమీటర్లు. ఆరూ పదికి బయల్దేరినావు, ఆరూ యాభై ఐదుకు జరిగింది. నలభై ఐదు నిమిషాలు. గంటకు ఎంత వచ్చింది? నలభై! సరిగ్గా నలభై కృష్ణా. నువ్వు రూల్లోనే ఉండావు. భయపడబాక" అన్నాడు. ఆయన మొహం నిజంగానే వెలిగింది. తన ఏర్పాటు ఒక మనిషిని కాపాడిందని ఆయన సంబరం.

టీ సంగతి ఎవరూ అడగలేదు. ఆదిశేషమ్మను ఎవరూ పిలవలేదు. పెంచలకృష్ణ చెప్పలేదు. టిప్పరు గంటకు నలభై వేగంతో నిదానంగా పోతుండగా, టీవీఎస్ బండి మీది వ్యక్తి అడ్డరోడ్డు నుంచి తొందరపాటుతో దూసుకువచ్చాడని కాగితాల్లోకి ఎక్కింది. కేసు కోర్టుకు పోయింది, బెయిలు వచ్చింది. కాంట్రాక్టరు పెట్టిన లాయరు స్లిప్పు చూసి తల ఊపి, "ఇంకేం కావాలి, ఇదుంటే చాలు" అన్నాడు.

నలభై రోజులు దాటాక ఒక మధ్యాహ్నం హుస్సేన్ సాహెబ్ భార్య బడేబీ ముత్తుకూరు వచ్చింది. ఇల్లు వెతుక్కుంటూ ఒక్కతే వచ్చింది. రేవతి భయపడి తలుపు దగ్గరే నిలబడిపోయింది. వచ్చినామె తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. రేవతి ఇచ్చిన నీళ్ళు తాగి గ్లాసు గోడవారగా పెట్టింది.

"అబ్బయా, నేను గొడవకు రాలా. ఒక్కమాట అడిగి పోదామని వచ్చినా. మా ఆయన జోరుగా అడ్డమొచ్చినాడని రాసుండారంట. నిజంగా అంత తొందరగా వచ్చినాడా?"

పెంచలకృష్ణ గోడవారనున్న గ్లాసు వంక చూశాడు.

"ఆ పొద్దు నేనే పోరినా" అంది బడేబీ. "పెళ్ళోళ్ళు పరుపుల కోసం కాచుకోనుండారు, బిన్నా పో, తొందరగా పో అని ప్రాణం తీసినా. చేతిలో టీ గూడా పూర్తిగా తాగనీలా. మామూలుగా ఆయన నిదానస్తుడు. చీమకు గూడా దారిచ్చే మనిషి. అందుకని అడగతాండా. నువ్వు చూసినావు గదా. తొందరగా వచ్చినాడా?"

ఆమె ఏం అడుగుతోందో పెంచలకృష్ణకు బాగా అర్థమయింది. ఆమెకు డబ్బు మాట లేదు, శిక్ష మాట లేదు. తన మొగుణ్ణి తను చంపుకుందా లేదా అని అడుగుతోంది. దానికి జవాబు తెలిసిన మనిషి లోకంలో తను ఒక్కడే. కాలు కింద పెట్టి రెండు పక్కలా చూశాడని చెబితే చాలు. కానీ ఆ మాట వెనక టీ ఉంది, ఇరవై నిమిషాలున్నాయి, లాయరున్నాడు, జైలుంది.

"ఊఁ" అన్నాడు.

బడేబీ తల ఊపింది. ఇది ముందే తెలుసన్నట్టు ఊపింది. కొంగు సర్దుకుని, రేవతికి పోయొస్తానని చెప్పి, బస్టాండు వైపు నడిచింది. ఆమె వెళ్ళాక రేవతి మొగుడి మొహం ఒకసారి చూసి, గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

రెండు నెలల తరవాత అదే టిప్పరు మళ్ళీ చేతికిచ్చారు. బండి మీద గీత కూడా పడలేదు. కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి చేతులు వణుకుతాయేమో అని మొదటి రోజు అనుకున్నాడు. వణకలేదు. రోజుకు ఆరుసార్లు అక్కడి నుంచే పోతాడు, వస్తాడు. ఏమీ అనిపించదు. ఒకసారి రేవతి చేపల పులుసులో ఉప్పు వేయడం మరిచిపోయింది. తను నోట్లో పెట్టుకుని ఛీ అనేసరికి పెంచలకృష్ణ కంచం ఖాళీ చేసి చేయి కడుక్కుంటున్నాడు. తిరునాళ్ళలో తప్పిపోయిన వెన్నెల రెండు గంటల తరవాత దొరికి మెడకు చుట్టుకుని ఏడిస్తే, ఈ పిల్ల ఎందుకింత గట్టిగా ఏడుస్తోందా అని చూశాడు. నేను చెడ్డవాణ్ణయిపోయాను కాబోలు అనుకున్నాడు. ఆ ఆలోచన కూడా గుచ్చుకోలేదు.

అన్నిటికంటే ఘోరం ఒకటుంది, చెప్పక తప్పదు. అతను స్లిప్పు నానబెట్టడం మానలేదు. అదే గేటు, అదే అంగడి, అవే ఇరవై నిమిషాలు. మానేస్తే ఎందుకు మానేశావని ఎవరైనా అడుగుతారు. అడిగితే జవాబు చెప్పాలి. అందరితోపాటు కూర్చుని దోసె తినడమే తేలిక.

ఇట్లా ఏడాది గడిచింది. కోర్టులో అతని వాయిదా సోమవారం పడింది. "స్లిప్పు మన దగ్గరుంది. నలభై మీద పోతున్నాను సార్, అతనే అడ్డం వచ్చాడు అను. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడొద్దు" అని లాయరు చెప్పి పెట్టాడు.

ఆ ముందు రోజు ఆదివారం మధ్యాహ్నం, అన్నం తిన్నాక, వెన్నెల నోటుపుస్తకం తెచ్చుకుని తండ్రి ఎదురుగా చాప మీద కూర్చుంది. స్కూల్లో గంగాభవాని మేడమ్ లెక్కలిచ్చింది. దూరం, స్థానభ్రంశం, సగటు వేగం. పుస్తకంలోవి కాదట, ఇంట్లో వాళ్ళు నిజంగా చేసిన ప్రయాణం తీసుకుని కట్టాలట.

"మా క్లాసులో అందరికంటే ఎక్కువ తిరిగేది మా నాన్నే" అంది వెన్నెల గొప్పగా. సెల్లులో మ్యాపు తెరిచి గేటు నుంచి ఫ్యాక్టరీ దాకా వేలితో చూపించింది. "చూడు నాన్నా. రోడ్డు మెలికలు తిరిగి తిరిగి పోతే నలభై. అది దూరం. ఈడ్నుంచి ఆడికి కాకి ఎగిరినట్టు తిన్నగా గీత గీస్తే ఇరవై ఆరే. అది స్థానభ్రంశం. ఇంటికి తిరిగొస్తివా, అది గూడా లేదు, సున్నా."

"సున్నానా?" అంది రేవతి గిన్నెలు తోముతూనే. "పద్నాలుగేళ్ళు తిప్పి తిప్పి సున్నాకా? ఇది ముందే తెలిసుంటే వంటకు సాయంగా ఇంట్లోనే పెట్టుకోనుందునే."

తల్లీ కూతుళ్ళు నవ్వుకున్నారు. పెంచలకృష్ణ కూడా నవ్వాల్సిన చోట నవ్వాడు.

"ఇప్పుడు సగటు వేగం. ఒక ట్రిప్పు చెప్పు నాన్నా. ఎప్పుడు బయల్దేరినావు, ఎంత దూరం పోయినావు, ఎప్పుడు చేరినావు?"

ఏదో ఒకటి చెప్పవచ్చు. నిన్నటిది చెప్పవచ్చు, మొన్నటిది చెప్పవచ్చు. ఏడాదిగా తలలో ఉన్న అంకెలు ఒకటే కాబట్టి అవే నోట్లోంచి వచ్చాయి. "ఆరూ పదికి బయల్దేరినా. ముప్పై కిలోమీటర్లు. ఆరూ యాభై ఐదు."

వెన్నెల పెన్సిలు కదిలింది. "నలభై ఐదు నిమిషాలంటే ముప్పావు గంట. ముప్పైని ముప్పావుతో భాగిస్తే నలభై. గంటకు నలభై కిలోమీటర్లు." అడుగున గీత గీసింది. గీసి తల ఎత్తింది. "మధ్యలో ఎక్కడన్నా ఆగినావా? మేడమ్ చెప్పింది, ఆగింది గూడా కలిపితే సగటు తక్కువ చూపిస్తాదంట. నిజంగా ఎంత జోరుగా పోయినామో తెలియాలంటే ఆగిన టైము తీసేసి ఇంకోసారి కట్టాలంట."

ఏడాదిలో పోలీసులు అడగని ప్రశ్న, లాయరు అడగని ప్రశ్న, నరేంద్రబాబు అడగకుండా జాగ్రత్తపడిన ప్రశ్న అది. పద్నాలుగేళ్ళ పిల్ల అడిగింది, హోంవర్కు కోసం. లేదు అంటే అయిపోయేది.

"టీ తాగినా" అన్నాడు. "ఇరవై నిమిషాలు."

"అబ్బో, టీకి ఇరవై నిమిషాలా!" అంటూనే వెన్నెల మళ్ళీ కట్టింది. "ఇరవై ఐదు నిమిషాల్లో ముప్పై కిలోమీటర్లు. అంటే గంటకు డెబ్భై రెండు." ఒకసారి సరిచూసుకుంది. "డెబ్భై రెండు నాన్నా. సెకనుకు ఇరవై మీటర్లు."

గిన్నెల చప్పుడు ఆగిపోయింది. రేవతి నీళ్ళ చేతులతో అట్లాగే నిలబడింది. ఆ టైములు ఆమెకు కంఠతా వచ్చు.

"వంద మీటర్లు పోను ఎంతసేపు?" అని అడిగాడు పెంచలకృష్ణ.

"ఐదు సెకన్లు."

"నలభై మీద పోతే?"

ఆ పిల్ల పక్కన చిన్న అంకెలు వేసుకుంది. "తొమ్మిది."

పెంచలకృష్ణ లోపల లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఇక్కడికి అయిపోయింది. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఈ నాలుగింటిలో పాత టీవీఎస్ బండి ఒకటి, వెనక దూది మూటతో, ఆ రోడ్డు దాటి అవతలి గట్టు ఎక్కి చాలా ముందుకు పోతుంది. హుస్సేన్ సాహెబ్ చూసింది సరిగ్గానే చూశాడు. నలభై అని బోర్డున్న రోడ్డు మీద నలభై మీద వచ్చే బండిని చూసినట్టు చూశాడు. అతని అంచనాలో తప్పు లేదు.

తలెత్తితే వెన్నెల తననే చూస్తోంది. పిల్ల మొహంలో ఇందాకటి గొప్ప లేదు. "నాన్నా, ఇది ఆ రోజుదా?"

అతను చూపు అంకెల మీదికి దించుకున్నాడు. వెన్నెల పుస్తకంలో ఆ పేజీ నెమ్మదిగా తిప్పేసింది. "వేరేది రాసుకుంటాలే. నేను బస్సులో నెల్లూరు పోయింది రాస్తా" అంది. అని, కొత్త పేజీ మీద తేదీ వేసి, తల వంచుకుని రాయడం మొదలుపెట్టింది. అతన్ని లేపింది ఆ పేజీ తిప్పడమే. ఎవరూ చెప్పకుండానే, ఒక్క నిమిషంలో, తన కూతురు దాచిపెట్టడం నేర్చుకుంది. నేర్పింది తనే.

"చింపబాక" అన్నాడు.

"చింపలా నాన్నా."

సోమవారం తెల్లవారగానే స్నానం చేసి రేవతి తీసి పెట్టిన తెల్లచొక్కా వేసుకున్నాడు. "కోర్టు పదిన్నరకు. ముందు బడేబీ ఇంటికి పోతా" అన్నాడు. రేవతికి వివరం చెప్పాల్సిన పని లేకపోయింది. "నిన్ను లోపలేస్తే నేనూ పిల్లా ఏం కావాల?" అని అడిగింది. అడిగి, అతని కాలరు మడత సరిచేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొమ్మననూ లేదు, ఆపనూ లేదు.

రెండు బస్సులు మారి ఆ ఊరు చేరేసరికి ఏడు కావస్తోంది. రేకుల ఇల్లు. వసారాలో బడేబీ దిండు గలీబులో దూది కూరుతోంది. హుస్సేన్ సాహెబ్ పోయాక దిండ్ల పని ఆమె చేస్తోంది. ఇరవై రెండేళ్ళ కొడుకు మతీన్ పోర్టు దగ్గర కంపెనీలో హెల్పరు. డ్యూటీ చొక్కా వేసుకుని, మెడలో కార్డు తగిలించుకుని, కంపెనీ బస్సు కోసం తయారై ఉన్నాడు. పెంచలకృష్ణను చూడగానే వాడి మొహం గడ్డకట్టింది.

బడేబీ చేతిలో పని ఆపలేదు. "ఏం అబ్బయా, ఇట్లా వచ్చినావు?"

కూర్చోమనలేదు, అతనూ కూర్చోలేదు. దారి పొడుగునా ఎట్లా మొదలుపెట్టాలా అని అనుకున్నవన్నీ పోయి ఒక్కమాట మిగిలింది.

"ఆగినాడు పెద్దమ్మా."

"ఎవురు?"

"సాహెబు. అడ్డరోడ్డు కాడ ఆగినాడు. కాలు కింద పెట్టి రెండు పక్కలా చూసుకోనే బండి తీసినాడు. నిదానంగా వచ్చినాడు. జోరుగా వచ్చింది నేను. గేటు కాడ ఇరవై నిమిషాలు కూర్చోని, అది పూడ్చుకోను డెబ్భై రెండు మీద వచ్చినా. స్లిప్పులో నలభై అనే పడతాది. ఆ పొద్దు మీరొచ్చి అడిగితే ఊఁ అన్నా. అబద్ధం చెప్పినా."

మతీన్ ఒక్క అంగలో వచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు. తెల్లచొక్కా బొత్తాం ఒకటి తెగి కింద పడింది. పెంచలకృష్ణ చేతులు కూడా ఎత్తలేదు. "వదల్రా" అంది బడేబీ. వాడు వదల్లేదు. "వదల్రా, నన్ను అడగనీ" అంది. వదిలాడు.

ఆమె గలీబు పక్కన పెట్టి లేచి నిలబడింది. "తొందరగా రాలా?"

"రాలా."

"నేను పోరినందుకు కాదా?"

"కాదు పెద్దమ్మా. మీరు పోరినా ఆయన నిదానంగానే వచ్చినాడు."

బడేబీ రెండు చేతులతో స్తంభం పట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి గానీ గొంతు మాత్రం గట్టిగా ఉంది. ఆమెకు కోపం వచ్చింది. ఏడాదిగా తన మీద తనే పెట్టుకున్న కోపమంతా ఇప్పుడు పోవాల్సిన చోటికి పోతోంది.

"ఏడాది అబ్బయా! ఒక ఏడాది! ఈ నోటితో ఒక్కర్ని తొందరగా పొమ్మని ఎరగను. పాలు పొంగిపోతున్నా పొయ్యి ఆపమని అరవలా. వీడు బస్సు తప్పిపోయి డ్యూటీ పోగొట్టుకుంటా ఉంటే గూడా నోరు మూసుకోనే కూర్చున్నా. నా నోరే ఆయన్ని చంపిందనుకున్నా. నువ్వు ఒక్క ఊఁ అని ఇంట్లో కూర్చున్నావు గదయ్యా!"

పెంచలకృష్ణ ఏదో అనబోయాడు.

"క్షమించమని అడగబాక. అది నా కాడ లేదు. కోర్టులో గూడా ఇట్లే చెప్తావా?"

"చెప్తా. ఈ పొద్దే."

"నిన్ను లోపలేస్తారు."

"ఏస్తారు."

ఆమె అతని మొహం వంక చూసింది, బజారులో సరుకు మంచిదో కాదో చూసినట్టు, చాలాసేపు. వీధి చివర కంపెనీ బస్సు హారను కొట్టింది. మతీన్ కదల్లేదు. పిడికిలి బిగించి అక్కడే నిలబడ్డాడు. బస్సు రెండోసారి కొట్టింది.

బడేబీ కొంగుతో మొహం తుడుచుకుని కొడుకు వైపు తిరిగింది. నోరు తెరిచింది. మాట రాలేదు. మింగి మళ్ళీ తెరిచింది.

"మతీన్, బస్సొచ్చిందిరా. బిన్నా పో."

మతీన్ తల్లిని వింతగా చూశాడు.

"పోరా! బిన్నా పో, పోతాది!" అని అరిచింది. వీధంతా వినిపించేట్టు అరిచింది. వాడు చెప్పుల్లో కాళ్ళు దూర్చి పరుగెత్తాడు.

పెంచలకృష్ణ వసారా గట్టు మీద కూలబడి, మొహం చేతుల్లో పెట్టుకుని, పెద్దగా ఏడ్చాడు. ఏడాది కిందట ఎవరో కొట్టిన చెంప దగ్గర నుంచి ఒళ్ళంతా ఇప్పుడు నొప్పి పుట్టింది. బడేబీ అతన్ని ఓదార్చలేదు, తిట్టనూ లేదు. కింద పడిన బొత్తాం తీసి, సూదీ దారం తెచ్చి, "కదలబాక" అని అతని చొక్కాకు అది కుట్టింది. దారం పళ్ళతో కొరికి తెంపింది.

"నువ్వు గూడా లెయ్" అంది. "కోర్టుకు టైమవతాంది. బిన్నా పో."